కెథీడ్రల్ పీక్ ఆగ్నేయ బట్రెస్: తొలి పర్వత ట్రాడ్ రూట్ ఎక్కడం ఎలా?

జిమ్‌లో 5.10 (అమెరికా కష్టం గ్రేడు; చుక్క తర్వాతి అంకె పెరిగేకొద్దీ కష్టం) ఎక్కేవాళ్లు కూడా కెథీడ్రల్ పీక్ మీద మధ్యాహ్నం మూడింటికి మూడో బెలే (ఆగి, పార్ట్‌నర్ తాడు పట్టే చోటు) దగ్గరే చిక్కుకుపోతుంటారు. ఆ రూట్ గ్రేడు చూస్తే 5.6. ఎక్కడం వాళ్లకు రాక కాదు. తాడు చిక్కు విప్పుకోవడం, యాంకర్ (రాతికి కట్టుకునే ఆధారం) కట్టడం, గేర్ (బీటల్లో పెట్టే రక్షణ సామాను) చేతులు మారడం, ఒకరి కేక ఒకరికి వినబడకపోవడం... టైమంతా అక్కడే హరించుకుపోతుంది. అందుకే ఈ గైడ్‌లో ఎక్కే మెళకువల కంటే బెలేల గురించే ఎక్కువ ఉంటుంది.

## 1. ఇది ఎవరికి?

ఒక పిచ్ (ఒక బెలే నుంచి ఇంకో బెలే దాకా) ఉండే ట్రాడ్ రూట్లు (గేర్ మనమే పెట్టుకుంటూ ఎక్కేవి) 5.7 దాకా లీడ్ చేసినవాళ్లకు (తాడుతో ముందు ఎక్కినవాళ్లకు), యాంకర్ కట్టడం, రాపెల్ చేయడం (తాడు మీద జారుతూ దిగడం) తెలిసినవాళ్లకు. జట్టులో ఒక్కరైనా అలాంటివాళ్లు ఉండాలి. ఇద్దరికీ కొత్తే అయితే గైడ్‌ను పెట్టుకోండి, లేదా ఇంకో ఏడాది ఆగండి.

భువనగిరి కోట బండ లాంటి నున్నటి రాళ్ల మీద నేర్చుకున్నవాళ్లకు పాదం ఆనించి ఘర్షణతో నిలబడటం బాగా వస్తుంది. అది ఇక్కడ అక్కరకొస్తుంది. కానీ బీటల్లో చెయ్యి బిగించడం, గేర్ పెట్టడం విడిగా సాధన చేయాల్సిందే.

## 2. రూట్ లెక్కలు

- చోటు: కాలిఫోర్నియా, యోసెమిటీ నేషనల్ పార్క్, టువాలమీ మెడోస్
- శిఖరం ఎత్తు: 10,911 అడుగులు. నడక మొదలయ్యే చోటు సుమారు 8,600 అడుగులు
- రూట్ పొడవు: దాదాపు 700 అడుగులు, 5 లేదా 6 పిచ్‌లు
- గ్రేడు: 5.6
- దిగడం: రాపెల్ లేదు, పాకుతూ నడుస్తూ దిగాలి
- సీజన్: టయోగా రోడ్డు తెరిచాక. మామూలుగా మే చివర్నుంచో జూన్ నుంచో మంచు మళ్లీ పడేదాకా

బట్రెస్ (కొండ నుంచి ముందుకు పొడుచుకొచ్చిన రాతి భాగం) వెడల్పుగా ఉంటుంది. ఒకే గీత మీద ఎక్కాలనేం లేదు, పక్కపక్కనే చాలా దారులున్నాయి. ముందు జట్టు నెమ్మదిగా ఉంటే పక్కనుంచి దాటిపోవచ్చు. ఈ వెసులుబాటే దారి తప్పించే ప్రమాదం కూడా.

## 3. వెళ్లే ముందు రెండు వారాలు

కండలు పెంచే పని ఇప్పుడు పెట్టుకోకండి. ఈ మూడూ చేయండి.

బెలే మార్పిడి. పార్కులో చెట్టుకో, దూలానికో యాంకర్ కట్టి, నేల మీదే నిలబడి పిచ్ అయిపోయినట్టు మొత్తం తంతు నడిపించండి. సెకండ్ (లీడర్ వెనక ఎక్కే మనిషి) యాంకర్ దగ్గరికి వచ్చినప్పటినుంచి తర్వాతి లీడర్ కదిలేదాకా వాచీ పెట్టి చూడండి. మొదటిసారి 25 నిమిషాలు పట్టడం మామూలే. 10 నిమిషాలకు దిగేదాకా చేయండి.

లెక్క చూడండి. లీడర్ ఎక్కడానికి 25 నిమిషాలు, సెకండ్‌కు 17, మార్పిడికి 10 అనుకుంటే 5 పిచ్‌లకు 4 గంటల 20 నిమిషాలు. మార్పిడికి 25 పడితే 5 గంటల 35 నిమిషాలు. ఆ గంటంబావులోనే ఉరుములు వచ్చేస్తాయి.

చేతి జామ్. బొటనవేలు పైకి ఉండేలా అరచేతిని బీటలోకి దూర్చి, బొటనవేలిని అరచేతి లోపలికి మడవాలి. కండ ఉబ్బి చెయ్యి బిగుసుకుంటుంది. పాదానికి మోకాలు పక్కకు వాల్చి కాలివేళ్లు దూర్చి, ఆ తర్వాత మోకాలిని నిటారుగా తెస్తే పాదం బిగుస్తుంది. లాగి పట్టుకోవడం కాదు, బిగించి నిలబడటం.

నేల మీద గేర్. రాతి అడుగున నిలబడి 30 నట్లు (బీటలో ఇరికించే లోహపు ముక్కలు), 30 క్యామ్‌లు (బీటలో విచ్చుకుని బిగుసుకునే స్ప్రింగు పరికరాలు) పెట్టండి. ప్రతిదానికీ స్లింగ్ (పట్టీ ఉచ్చు) తగిలించి ఒంటి బరువు వేసి చూడండి. ముఖం పక్కకు తిప్పుకోండి, ఊడితే నేరుగా మూతి మీదికే వస్తుంది.

## 4. సామాను

ఇద్దరికీ కలిపి:

- 60 మీటర్ల సింగిల్ డైనమిక్ తాడు, 9.5 నుంచి 10 మి.మీ.
- క్యామ్‌లు ఒక సెట్, వేలి బీట నుంచి పిడికిలి బీట దాకా (బ్లాక్ డైమండ్ సైజుల్లో 0.3 నుంచి 3). లీడింగ్ కొత్తయితే 0.5, 1, 2 సైజులు రెండేసి
- నట్లు ఒక సెట్, 10 నుంచి 12
- 60 సెం.మీ. స్లింగ్‌తో చేసిన డ్రాలు (గేర్‌ను తాడుకు కలిపే పట్టీలు) 8 నుంచి 10
- 120 సెం.మీ. స్లింగులు 2
- యాంకర్‌కు 7 మి.మీ. కార్డ్ (సన్న తాడు), ఆరేడు మీటర్లు, 2
- ఒక్కొక్కరికీ గైడ్ మోడ్ (సెకండ్ పడితే తాడును తనే బిగించే అమరిక) ఉన్న బెలే డివైస్, లాకింగ్ క్యారబైనర్లు 4, ప్రూసిక్ తాడు (పెద్ద తాడు చుట్టూ బిగిసే ముడి వేయడానికి), నట్ టూల్, హెల్మెట్
- వెనక్కి తిరగాల్సి వస్తే వదిలేయడానికి పాత స్లింగ్ ఒకటి, 5 మీటర్ల కార్డ్, చిన్న కత్తి

ఒంటికి, బ్యాగుకు:

- మనిషికి 2 లీటర్ల నీళ్లు
- వాన జాకెట్, పల్చటి వెచ్చటి జాకెట్. జులైలో కూడా
- హెడ్‌ల్యాంప్, కొత్త బ్యాటరీతో
- నడక బూట్లు. కింద వదిలేయకుండా హార్నెస్‌కు తగిలించుకోండి. క్లైంబింగ్ షూస్‌తో దిగితే గోళ్లు నల్లబడతాయి
- టోపో (రూట్ గీసిన బొమ్మ): కాగితం మీద ఒకటి, ఫోన్‌లో ఫొటో ఒకటి
- తినడానికి చేత్తో పట్టుకు తినేవి. పులిహోర డబ్బా బెలే దగ్గర తెరిస్తే సగం లోయపాలు. చపాతీ చుట్ట మేలు

తిండి, టూత్‌పేస్ట్ సహా వాసన వచ్చేవేవీ కార్లో ఉంచకండి. ట్రెయిల్‌హెడ్ దగ్గర ఎలుగుబంటి తెరవలేని ఇనుప పెట్టెలుంటాయి, వాటిలో పెట్టి గడియ బిగించండి. పార్కు ప్రవేశానికి ముందస్తు బుకింగ్ నిబంధన ఏటా మారుతుంటుంది, బయల్దేరేముందు పార్కు వెబ్‌సైట్ చూసుకోండి.

## 5. ముందు రాత్రి, టైమ్‌టేబుల్

బే ఏరియా (శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం) నుంచి తెల్లవారుజామున కారెక్కి నేరుగా వెళ్లి ఎక్కేద్దామనుకోవద్దు. సముద్రమట్టం నుంచి వచ్చి అదే రోజు దాదాపు 11 వేల అడుగులకు వెళ్తే తలనొప్పి, వికారం పట్టుకోవచ్చు. ముందు రాత్రి మెడోస్ ఎత్తులోనే పడుకోండి. తలనొప్పి తగ్గకుండా వాంతి వచ్చేలా ఉంటే ఆ రోజుకు పైకి వద్దు, కిందికి దిగండి.

జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఉరుములతో వాన రావడం ఇక్కడ మామూలు. కాబట్టి:

- 5:00 కారు దగ్గర్నుంచి నడక, హెడ్‌ల్యాంపుతో
- 7:00 రూట్ అడుగు
- 7:30 మొదటి లీడర్ రాయి మీద
- 9:30 రెండో పిచ్ పైన
- 12:00 శిఖరం
- 15:00 కారు

9:30కి రెండో పిచ్ పైకి చేరకపోతే ఆకాశం చూసుకోండి. 10:30 అయిపోయి, పడమట మబ్బు గోపురాల్లా లేస్తుంటే వెనక్కి తిరగండి. రెండో పిచ్ దాకా వెనక్కి తిరగడం తేలిక. ఆ పైన ఖర్చు, గోల రెండూ పెరుగుతాయి.

మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి. 30 సెకన్లంటే దాదాపు 10 కిలోమీటర్లు. అంతకంటే తక్కువైతే శిఖరం, కొండ వెన్ను వదిలి దిగడమే పని. రాతి బీట ముఖద్వారంలోనో, లోతులేని గుహలోనో దాక్కోవద్దు. పిడుగు కరెంటు అక్కడ మనిషిని దారిగా చేసుకుని దూకుతుంది.

## 6. అడుగుదాకా నడక

టయోగా రోడ్డు మీద కెథీడ్రల్ లేక్స్ ట్రెయిల్‌హెడ్ దగ్గర మొదలుపెట్టండి. కాసేపు పెద్ద దారి పట్టుకుని నడిచాక, క్లైంబర్ల కాలిబాట ఎడమకు విడిపోయి బడ్ క్రీక్ వెంట పైకి పోతుంది. చీకట్లో ఈ మలుపు దాటిపోయేవాళ్లు చాలామంది. వాగు చప్పుడు ఎడమ పక్క దూరమైపోతూ, దారి కెథీడ్రల్ సరస్సుల వైపు తిరుగుతుంటే దాటిపోయినట్టే, వెనక్కి రండి.

పైన చెట్లు పల్చబడ్డాక బట్రెస్ మొత్తం కనబడుతుంది. అప్పుడే ఆగండి. టోపో తీసి చిమ్నీ (మనిషి దూరేంత ఇరుకు రాతి సందు) ఎక్కడుందో, దానికి కుడి ఎడమల్లో ఏముందో గుర్తుపెట్టుకోండి. అడుగుకు చేరాక రాయి ముక్కు ముందుంటుంది, ఏమీ తెలియదు.

## 7. మొదటి అడుగుకు ముందు

ఒకరినొకరు చేత్తో తడిమి చూడండి, కళ్లతో కాదు:

- హార్నెస్ బకిల్
- ఎనిమిది ముడి, తోక ఒక బెత్తెడు
- బెలే డివైస్‌లో తాడు సరిగ్గా ఉందా, క్యారబైనర్ లాకైందా
- హెల్మెట్ పట్టీ
- తాడు రెండో కొస సెకండ్‌కు కట్టి ఉందా

పిలుపులు ఇక్కడే ఖాయం చేసుకోండి. పక్క రూట్‌లో ఎవరో "ఆఫ్ బెలే" (నేను యాంకర్‌కు తగులుకున్నా, తాడు వదలొచ్చు) అంటే మీ పార్ట్‌నర్ మీ తాడు వదిలేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ప్రతి పిలుపుకూ పేరు జోడించండి: "రవీ, ఆఫ్ బెలే!" గాలికి వినబడకపోతే, తాడు మొత్తం పైకి లాగేసి బిగిసి, కాసేపాగి మళ్లీ కొద్దికొద్దిగా లాగుతుంటే "బెలే సిద్ధం, ఎక్కు" అని ముందే ఒప్పందం చేసుకోండి. సెకండ్ తన బెలే డివైస్‌ను తాడు పూర్తిగా అయిపోయేదాకా తీయకూడదు.

## 8. గేర్ పెట్టడం

ఇక్కడి గ్రానైట్‌లో తెల్లటి ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు పొడుచుకొచ్చి ఉంటాయి. అగ్గిపెట్టంత ఉన్నవీ కనబడతాయి. కాలు పెట్టుకోవడానికి వరం, క్యామ్‌కు మాత్రం గండం. బీట లోపలి గోడ మీద స్ఫటికం ఉండి, క్యామ్ నాలుగు లోబుల్లో (రాతిని నొక్కే భాగాల్లో) ఒకటి దాని మీద కూర్చుంటే మిగతా మూడూ బిగిసినట్టే ఉంటాయి కానీ బరువు సమంగా పడదు. బరువు పడగానే ఆ లోబు జారుతుంది, క్యామ్ మెలిపడి ఊడుతుంది. పెట్టాక తల వంచి లోపలికి చూడండి. నాలుగు లోబులూ చదునైన రాతిని ఆనుకున్నాయా? లేకపోతే రెండంగుళాలు పైకో కిందికో జరపండి.

క్యామ్‌కు ఇంకొన్ని:

- సగం నుంచి ముప్పాతిక దాకా ముడుచుకుని ఉండాలి. పూర్తిగా ముడిచి కుక్కితే సెకండ్‌కు రాదు. బాగా విచ్చుకుని ఉంటే నిలవదు
- కాండం (క్యామ్ పొడవాటి పిడి) పడే దిశలోకి, అంటే కిందికి చూడాలి
- 60 సెం.మీ. స్లింగ్ పూర్తిగా విప్పి తగిలించండి. లేదంటే తాడు కదలికకు క్యామ్ నడుచుకుంటూ బీట లోపలికి పోతుంది

నట్‌కు: బీట కిందికి సన్నబడే చోటు వెతకండి. రెండు పక్కలా రాతికి వీలైనంత ఎక్కువ మేర ఆనాలి. కిందికి గట్టిగా ఒక్క కుదుపు ఇచ్చి కూర్చోబెట్టండి.

బెలే గట్టు నుంచి బయల్దేరాక మొదటి గేర్ మనిషి ఎత్తులోపే పెట్టండి. ఆ లోపు లీడర్ పడితే బరువంతా నేరుగా యాంకర్ మీద పడుతుంది, ట్రాడ్‌లో అంతకన్నా చెడ్డ పడటం లేదు. మొదటిది పైకి, బయటికి లాగినా నిలిచేది కావాలి. అందుకు క్యామ్ మేలు. తాడు బిగిసినప్పుడు మొదటి నట్ పైకి ఊడిపోతే దాని వెనకే మిగతావీ జిప్పు లాగినట్టు ఊడొస్తాయి.

తర్వాత మూడు నాలుగు మీటర్లకొకటి. తేలిగ్గా ఉందని పది మీటర్లు వట్టిగా ఎక్కేయొద్దు. 5.6లో గట్లు ఎక్కువ, పడితే గాల్లో కాదు, గట్టు మీద పడతారు, విరిగేది చీలమండ.

## 9. బెలే: అసలు పని ఇక్కడే

తాడు 60 మీటర్లున్నా 40, 45 దగ్గరే మంచి గట్టు దొరికితే ఆగండి. తాడు చివరిదాకా లాగి పిచ్‌లు తగ్గిద్దామనుకుంటే కేక వినబడదు, తాడు బరువెక్కి కదలదు.

వరుస ఇది. మార్చొద్దు.

1. లీడర్ గట్టు చేరగానే ఒక మంచి గేర్ పెట్టి దానికి తగులుకోవాలి. ఊపిరి తీసుకోవడం తర్వాత.
2. ఇంకో రెండు గేర్లు. మూడూ ఒకే పలక మీద, ఒకే బీటలో కాకుండా ఉంటే మేలు. పలకను గుద్ది చూడండి, బోలుగా మోగితే వదిలేయండి.
3. కార్డ్ మూడింటిలోంచి తీసి, సెకండ్ బరువు ఏ దిశలో పడుతుందో అటు లాగి, అన్నీ కలిపి ముడి వేయండి; దాని కింద ఏర్పడే ఉచ్చే మాస్టర్ పాయింట్. కార్డ్ పాయల మధ్య కోణం 60 డిగ్రీల లోపు ఉండాలి. రెండు గేర్ల యాంకర్‌లో 60 డిగ్రీల దగ్గర ఒక్కోదాని మీద 58 శాతం బరువు పడుతుంది. 120కి చేరితే ఒక్కోదాని మీదా నూరు శాతం.
4. తాడుతో క్లోవ్ ముడి వేసి మాస్టర్ పాయింట్‌కు తగులుకోండి. లాక్ చూడండి. అప్పుడు పేరు పెట్టి "ఆఫ్ బెలే".
5. మిగిలిన తాడు లాగండి. బిగిసింది మనిషి బరువుకేనా, ఎక్కడైనా బీటలో ఇరుక్కునా అని సెకండ్‌ను అడగండి.
6. డివైస్ గైడ్ మోడ్‌లో పెట్టండి. సెకండ్ వైపు తాడు పైన, చేతి వైపు తాడు కింద. సెకండ్ వైపు తాడును గట్టిగా లాగి చూడండి, బిగుసుకోవాలి. బిగుసుకోకుండా జారితే తలకిందులుగా పెట్టారన్నమాట. అది సరిచేశాకే "ఎక్కు".
7. వచ్చే తాడును మీ యాంకర్ తాడు మీద అటూ ఇటూ మడతలుగా వేసుకోండి. లీడ్ మారేట్టయితే మొదటి మడతలు పొడవుగా, పోనుపోను పొట్టిగా. అప్పుడు ముందు పోయే మడత కింది దాంట్లో చిక్కుకోదు.
8. సెకండ్ తీసిన గేర్‌ను వస్తూనే తన హార్నెస్‌కు సైజు వరుసలో తగిలించుకోవాలి. గుత్తిగా తెచ్చి బెలే దగ్గర కూర్చుని విడదీస్తే అక్కడే పది నిమిషాలు హుష్.
9. సెకండ్ రాగానే మాస్టర్ పాయింట్‌కు తగులుకుని, లీడర్ దగ్గర మిగిలిన గేర్ తీసుకుని, నీళ్లు ఒక గుక్క తాగి, బెలే సిద్ధమయ్యాక కదలాలి.

ఒకరే లీడ్ చేస్తున్నట్టయితే తాడు మడతలన్నీ ఒక్కసారిగా తిరగేసి సెకండ్ యాంకర్ తాడు మీదికి మార్చండి. కొసల దగ్గర ముడులు విప్పి మార్చుకునే పని అసలే పెట్టుకోవద్దు.

## 10. చిమ్నీ

మూడో పిచ్‌లో వచ్చే ఇరుకు ఇది. ఇష్టంలేకపోతే పక్కనుంచి వెళ్లే దారులున్నాయి, టోపోలో చూసుకోండి.

ఎక్కేట్టయితే బ్యాగు వీపున ఉంచుకోవద్దు, ఇరుక్కుపోతుంది. 120 సెం.మీ. స్లింగుతో బెలే లూప్‌కు తగిలించి కాళ్ల మధ్య వేలాడనివ్వండి. గేర్ అంతా ఒక పక్కకు మార్చి బయటివైపు ఉండేలా చూసుకోండి. వీపు ఒక గోడకు, పాదాలు ఎదుటి గోడకు ఆనించి, అరచేతులతో వెనక గోడను నెట్టి నడుమును జానెడు జానెడు పైకి జరపండి. భయం వేసినకొద్దీ లోపలికి దూరబుద్ధవుతుంది. లోపలికి పోయేకొద్దీ కదలిక ఉండదు. బయటి అంచు దగ్గరే మెట్లు బాగుంటాయి.

## 11. శిఖరం బండ

చివరి బండ చిన్నది, నలుగురైదుగురు కూర్చుంటే నిండిపోతుంది. కదలికలు తేలిక, కింద మాత్రం శూన్యం. చాలామంది ఇక్కడ తాడు విప్పేస్తారు. మీరు విప్పొద్దు. పైన వేరే జట్టు ఉంటే కింద ఆగండి, కేకేసి వరుస చెప్పుకోండి. ఫొటోకు ఐదు నిమిషాలు చాలు, వెనక వచ్చేవాళ్లున్నారు.

## 12. దిగడం

శిఖరం బండ దిగాక వెనక వైపు గట్ల మీద పాకుతూ దిగాలి. మొదటి భాగం నాలుగో తరగతి పాకుడు: జారితే ఆగరు. అది దాటేదాకా తాడు ఉంచండి, గట్టి కొమ్ములకు తాడు చుడుతూ దిగండి. కొత్తవాళ్లు ముందు, అనుభవం ఉన్నవాళ్లు వెనక.

ఎవరో పేర్చిన రాళ్ల గుర్తులు రెండు మూడు దిక్కుల్లో కనబడతాయి. టోపోతో పోల్చకుండా వాటి వెంట పడొద్దు. దిగుతున్న దారి నిటారుగా మారిపోతుంటే ఆగి పైకి వెళ్లండి. రాపెల్ చేసేద్దాం అనే ఆలోచన ఇక్కడ చిక్కుల్లోకి దింపుతుంది.

## 13. ఏది ఎందుకు చెడుతుంది

క్యామ్ రావట్లేదు. ట్రిగర్ పూర్తిగా లాగి, నేరుగా బయటికి కాకుండా కొంచెం లోపలికి నెట్టి పక్కకు తిప్పుతూ తీయండి. ట్రిగర్ అందకపోతే నట్ టూల్ కొక్కెంతో లాగండి. ఐదు నిమిషాలు చూసి వదిలేయండి. క్యామ్ కన్నా మధ్యాహ్నం విలువెక్కువ.

నట్ రావట్లేదు. పెట్టిన దిశకు సరిగ్గా ఎదురుగా, కింది నుంచి టూల్‌తో కొట్టండి. నట్ తీగ పట్టి లాగితే ఇంకా బిగుస్తుంది.

తాడు లాగలేనంత బరువు. స్లింగులు విప్పకుండా తగిలించి ఉంటారు. ఇప్పుడు చేయగలిగింది అక్కడే ఆగి బెలే పెట్టడం.

దారి తప్పాం. ఉన్నట్టుండి 5.9లా అనిపిస్తే అది 5.6 కాదు. గేర్ ఉన్నచోటికి దిగి, ఎడమా కుడీ పదడుగులు చూడండి.

సెకండ్ వేలాడుతున్నారు, కిందికి దించాలి. గైడ్ మోడ్‌లో డివైస్‌ను ఒక్కసారిగా వంచితే తాడు సర్రున జారిపోతుంది. ముందు చేతి వైపు తాడుకు ప్రూసిక్ వేసి మీ హార్నెస్‌కు తగిలించుకున్నాకే మెల్లగా వదలండి. ఇది నేల మీద సాధన చేయకుండా పైన మొదటిసారి ప్రయత్నించే పని కాదు.

వెనక్కి తిరగాలి. పిచ్ పొడవు 30 మీటర్లు దాటితే 60 మీటర్ల తాడును రెండుగా మడిస్తే ఒక్క రాపెల్‌లో అందదు. మధ్యలో ఇంకో యాంకర్ కావాలి. ప్రతి దానికీ రెండు నట్లు, కార్డ్ ముక్క వదిలేయండి. తాడు రెండు కొసలకూ ముడులు వేయడం మరవొద్దు.

## 14. కారు దగ్గర

ఇంకా వెలుతురు ఉండగానే దుప్పటి పరిచి క్యామ్‌లు, నట్లు లెక్కపెట్టుకోండి. తాడును వేళ్ల మధ్య నుంచి జార్చుతూ మొత్తం తడిమి చూడండి. మెత్తగా లొంగిపోయే చోటో, తొడుగు చిరిగిన చోటో తగిలితే ఆ తాడు ఇక లీడింగ్‌కు పనికిరాదు. ఇనుప పెట్టెలో తిండి మర్చిపోకండి.